బొంత, ముడుత, కుట్టుయంత్రము: బట్టను సాధుచేయు పద్ధతుల చరిత్ర

తెలుగునుడిలో 'అతుకుల బొంత' అనుమాట నిందావాచకము. పొందికలేని గ్రంథమును, కుదురులేని ప్రభుత్వమును, అచ్చట కొంత ఇచ్చట కొంత తెచ్చి కూర్చిన ఉపన్యాసమును మనము ఆ మాటతో పరిహసింతుము. బొంత చింకిపాతల కూర్పు గనుక ఒక ముక్కకును మఱియొక ముక్కకును పొత్తు కుదరదని ఆ నిందలోని భావము. బొంతకాకి, బొంతజెముడు మున్నగు మాటలలోను ఈ పదమునకు మోటుదనమే స్ఫురించును. లోకవ్యవహారమున స్థిరపడిన ఈ భావము వస్తుస్థితికి ఎంతవఱకు సరిపోవుచున్నదో పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశించిన పని.

పరిశీలనకు గైకొనిన అంశము మిక్కిలి చిన్నది. పలు పొరల బట్టను యంత్రముపై కుట్టునపుడు కుట్టు వెంబడి ముడుతలు పడును. ఆ ముడుతలు పడకుండుటకై బట్టను ముందుగా సిద్ధపఱచు పద్ధతులు కొన్ని కలవు. అవి ఎట్లు ఏర్పడినవి, ఎందుకు ఏర్పడవలసి వచ్చినవి అనునది ప్రశ్న. దీనికి సమాధానము వెదకినచో ఒక విశేషము తేటపడును. ముడుత అతుకు వలన పుట్టదు. అతికిన బట్టల స్వభావములు ఒకదానితో నొకటి సరిపడకపోవుట వలన పుట్టును. పాతబట్టలతో బొంత కుట్టినవారి ఆచరణలో ఈ సత్యము ఇమిడియుండెను. కొత్తబట్టయు, యంత్రమును వచ్చిన పిదప ఆ మేలు చేజారినది. దానిని మరల శ్రమపడి, లెక్కవేసి, సంపాదింపవలసి వచ్చినది.

బొంత స్వరూపము

బొంతకు సామాన్యముగా మూడు భాగములు. పైకి కనబడునది పైపొర. ఒంటికి తగులునది అడుగుపొర. దర్జీలు దీనిని అస్తరు అందురు. ఈ రెంటి నడుమ వెచ్చదనమునకై ఉంచునది నడిమిపొర. ఐరోపా, అమెరికా దేశములలో నడిమిపొరగా దూదియో ఉన్నియో వాడుచు వచ్చిరి. మన ప్రాంతపు బొంతలో పాత చీరలు, పంచెలు, దుప్పట్లే పొరపై పొరగా పఱచి కుట్టుదురు. పొరలు జరగకుండ ఈ చివరనుండి ఆ చివరవఱకు వరుసలు వరుసలుగా కుట్టు వేయుటయే బొంతకుట్టు. ఆ కుట్టే అలంకారము, ఆ కుట్టే ఆధారము.

ఈ విద్య ఒక దేశమునకు చెందినది కాదు. వంగదేశమున కాంథా, మహారాష్ట్రమున గోధడి, సంస్కృతమున కంథ. వీథిలో దొరకిన పాతలను కలిపి కుట్టుకొనిన బౌద్ధభిక్షువుల పాంసుకూల చీవరము దీనికి దాయాది. ఐరోపాలో నిలిచియున్న ప్రాచీన నిదర్శనములలో ప్రసిద్ధమైనది సిసిలీ ద్వీపమున రమారమి 1360-1400 నడుమ కుట్టిన ట్రిస్టను బొంత. అందలి ఒక భాగము నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు ప్రదర్శనశాలయందు కలదు. నార బట్టపై ట్రిస్టను కథలోని ఘట్టములను కుట్టుతోనే రూపించి, బొమ్మల వెనుక దూది కూరి ఉబ్బెత్తుగా తీర్చినారు. ఇవి యన్నియు చేతికుట్టులే.

ముడుతకు కారణములు

చరిత్రలోనికి పోవుటకు ముందు ముడుత పుట్టు తీరును గ్రహింపవలసియున్నది. కారణములు ముఖ్యముగ నాలుగు.

మొదటిది బట్ట కుదించుకొనుట. మగ్గముపై పడుగును బిగలాగి నేయుదురు. అటుపిమ్మట చలువచేయునపుడును, అద్దకమునందును, మెఱుగుపెట్టునపుడును బట్టను లాగియే నడపుదురు. ఆ లాగుడు బట్టలో దాగియుండును. నీరు తగిలినంతనే నూలు ఉబ్బును. ఉబ్బిన పేకపోగును చుట్టివచ్చుటకు పడుగుపోగు ఎక్కువ వంపు తిరుగవలెను. పోగు పొడవు మారదు గనుక బట్ట పొడవు తగ్గును. అందుచేతనే సామాన్యముగ పేకవైపు కంటె పడుగువైపు బట్ట ఎక్కువ కుఱచయగును. బొంతలకు వాడు కొత్త నూలుబట్ట నూటికి 3 మొదలు 5 పాళ్ళవఱకు కుదించుకొనుట సామాన్యము. పైపొర 2 పాళ్ళును, అడుగుపొర 5 పాళ్ళును తగ్గినవనుకొందము. 90 అంగుళముల బొంతలో ఆ రెంటి నడుమ 2.7 అంగుళముల తేడా వచ్చును. కుట్టుతో బంధింపబడిన ఆ అధికపు బట్టకు పోవుటకు చోటులేదు. అది ముడుతయై లేచును.

రెండవది దారపు బిగువు. కుట్టునపుడు సాగిన దారము కుట్టు ముగిసిన పిదప తన పూర్వపు పొడవునకు రాజూచును. వచ్చుచు బట్టను కూడ దగ్గఱకు లాగును. సాగుడు ఎక్కువగల నైలాను, పాలియెస్టరు దారములలో ఈ దోషము హెచ్చు.

మూడవది యంత్రమున బట్ట నడచు తీరు. సూదిక్రింద నున్న ఇనుప పళ్ళు అడుగుపొరను పట్టి ముందునకు జరుపును. పైనుండి అదిమిపట్టు పాదము పైపొరను వెనుకకు నిలువరించును. ఒక్కొక్క కుట్టునకు వెండ్రుకవాసి తేడాయే వచ్చినను, గజము నడచునప్పటికి పైపొర కొంత మిగిలిపోవును. ఒక కుట్టువరుసను మఱియొక వరుస అడ్డముగా దాటుచోట ఆ మిగులు మడతపడి సూదిక్రింద నలిగిపోవును.

నాల్గవది నేతలోని ఇఱుకు. దట్టముగా నేసిన బట్టలో పోగులకు నడుమ ఖాళీ స్వల్పము. సూదియు దారమును అందు జొచ్చినపుడు పోగులు ప్రక్కకు ఒత్తిగిలవలెను. ఒత్తిగిల చోటు లేనిచో కుట్టువెంబడి బట్ట ఉబ్బి అలలు తీరును. ఐమూలగా వేసిన కుట్టులో పోగులు జరుగగలవు గనుక అచ్చట ఈ దోషము తక్కువ.

ఈ నాలుగు కారణములను కలిపి చూచినచో వానిలో ఒక సామాన్య సూత్రము కనబడును. కలిసియుండవలసిన రెండు వస్తువులు వేఱువేఱు కొలతలకు మారినపుడు ముడుత పుట్టును. పైపొరయు అడుగుపొరయు కావచ్చును, దారమును బట్టయు కావచ్చును. బట్టను సిద్ధపఱచుట యనగా ఆ మార్పును ముందే ముగించుటయో, లేక అన్నింటను సమానము చేయుటయో యగును.

పాతబట్ట చేసిన మేలు

ఇపుడు మన బొంతను ఈ సూత్రముతో కొలిచి చూతము. పది సంవత్సరములు కట్టిన చీర ఎన్ని వందలమారులు ఉతుకబడియుండునో ఊహింపవచ్చును. రాతిబండపై బాదుటయు, ఎండలో ఆరవేయుటయు, గంజి పెట్టుటయు, ఆ గంజి మరల కడిగివేయుటయు జరిగి జరిగి మగ్గమునాటి లాగుడు ఆ బట్టలో లేశమైనను మిగిలియుండదు. ఇక కుదించుకొనుట అనునది దానికి లేదు. నేత కొంత వదులై పోగులు మెత్తబడుటచేత సూది పోవుటకు చోటు సుకరముగా దొరకును. అట్టి బట్టలు పదింటిని కలిపి కుట్టినను అన్నియు ఒకే స్థితికి వచ్చినవే. రంగులు వేఱు, వయస్సులు వేఱు, తెచ్చిన ఇండ్లు వేఱు. స్వభావము మాత్రము ఒక్కటి.

పాతబట్టను వాడుటకు పేదఱికమే మొదటి కారణమనుటలో సందేహము లేదు. కొత్తబట్ట కొనగలిగినవారు బొంత కుట్టుకొనరు. కాని కారణము పేదఱిక మైనంతమాత్రమున ఫలితమును తక్కువచేయ పనిలేదు. చేతికుట్టునకును ఇందు కొంత భాగము కలదు. చేతితో వేయు దూటుకుట్టులో దారము ఒక్కటే. కుట్టువారు నాలుగు వ్రేళ్ళ మేర కుట్టి, బొటనవ్రేలితో బట్టను సవరించి, మరల సాగుదురు. తప్పు పుట్టినచోటనే దిద్దుబాటు జరుగును. కాంథాలో కుట్టు నడుమ నడుమ లేచు సన్నని అలలను వంగదేశీయులు దోషముగా గణింపలేదు; ఆ పనికి అవే అందమని మెచ్చినారు. ఆ అలలు అంతటను సమానముగా నుండుటయే ఆ మెప్పునకు కారణము.

అమెరికాలో అలబామా రాష్ట్రమునందలి గీస్ బెండ్ అను పల్లెలో నల్లజాతి స్త్రీలు అరిగిన పనిబట్టలతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టను కళాప్రదర్శనశాలలోను, పిదప న్యూయార్కులోని విట్నీ ప్రదర్శనశాలలోను చిత్రపటములవలె గోడలపై నిలిచినవి. పొలములో వెలిసిపోయిన మోకాటి గుడ్డయే వారికి ముఖ్యద్రవ్యము. పేదఱికము నేర్పిన విద్య రెండు ఖండములలోను ఒకే త్రోవను నడచినది.

కోరమండల తీరపు బట్ట

కుట్టునకు ముందు బట్టను సాధుచేయుట ఒకటి కాగా, రంగునకు ముందు సాధుచేయుట మఱియొకటి. ఈ రెండవ విద్యలో తెలుగుదేశము ప్రపంచమునకు గురుస్థానమున నుండెను. మచిలీపట్టణమున ఆంగ్లేయులు 1611లో వర్తకస్థానము నెలకొల్పినది ముఖ్యముగా ఈ తీరపు బట్టలకొఱకే. ఇచ్చటి అద్దకపు బట్టలు, కలంకారీ బట్టలు ఐరోపాలో పాలంపోరు లనబడు పడకదుప్పట్లుగాను, దూది పెట్టి కుట్టిన పావడలుగాను, బొంతల పైపొరలుగాను మారినవి. ఈ బట్టల వ్యామోహము పెరుగగా ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను చట్టములు చేసి అడ్డుపెట్టవలసి వచ్చినది.

ఈ పనివారి పద్ధతిని 1742లో ఒక లేఖయందు వర్ణించిన ఫ్రెంచి మతాచార్యుడు కేర్దూ తెలుగువారికి వేఱొక విధమున గూడ స్మరణీయుడు. తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి భాషలతో నిఘంటువును కూర్చినవా డాయనయే. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, ఎండబెట్టి, పిమ్మట మడిచి నున్నని కొయ్యపై కొట్టుదురని ఆయన వ్రాసినాడు. కలము సాఫీగా నడచుటకును, రంగు చెదరకుండుటకును ఈ పని. పిమ్మట చిరివేరు రంగులో ఉడికించుట, పాఱు నీట జాడించుట, ఎండలో ఆరవేయుట పలుమారులు జరుగును.

ఈ విషయమును ఇచ్చట ప్రస్తావించుటకు కారణము కలదు. ఇన్నిమారులు తడిసి ఆరిన బట్టలో కుదింపు చాలవఱకు తీరిపోయియుండునని ఊహింపవచ్చును. రంగుకొఱకు చేసిన పని కుట్టునకు గూడ ఉపకరించినదన్నమాట. ఒక పనికి బట్టను సాధుచేసినచో ఆ సాధుత్వము మఱియొక పనికి అక్కఱకు వచ్చును. మగ్గమునుండి దిగిన కోరాబట్టకు ఆ గుణము లేదు.

యంత్రము తెచ్చిన చిక్కు

కుట్టుయంత్రము ఒక్కరి సృష్టి కాదు. ఫ్రాన్సున తిమోన్యే అను దర్జీ 1830లో గొలుసుకుట్టు యంత్రమునకు హక్కుపత్రమును పొందెను. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో రెండు దారముల బిగికుట్టునకు హక్కుపత్రమును పొందెను. ఐజాక్ సింగరు 1851లో తన యంత్రమును వెలయించెను. బట్టను పళ్ళతో పట్టి, ముందునకు జరిపి, దిగి, వెనుకకు వచ్చు నాలుగు చలనముల పద్ధతిని ఆలెన్ విల్సను 1854లో హక్కుపఱచుకొనెను. నేటికిని సామాన్య యంత్రములలో బట్ట నడచుట ఆ పద్ధతివలననే. 1856 నుండి సింగరు సంస్థ వాయిదాల పద్ధతిపై యంత్రములను అమ్మసాగెను. అంతట అవి మధ్యతరగతి ఇండ్లలోనికి వచ్చినవి. యంత్రములను గూర్చి అంతగా శంకించిన మహాత్ముడు సయితము 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగరు కుట్టుయంత్రమును తన ఆక్షేపణనుండి మినహాయించెను.

యంత్రము వచ్చినంతనే అమెరికాలో కొందఱు స్త్రీలు దానిపై బొంతలు గూడ కుట్టజొచ్చిరి. అచ్చటనే చిక్కు ఎదురైనది. చేతికుట్టులో ఒక దారము. యంత్రపు బిగికుట్టులో పైన ఒకటి, క్రింద బాబినునుండి వచ్చునది మఱియొకటి. ఆ రెండును నడిమిపొరలో పెనవైచుకొని బట్టను ఎడతెగక బిగించుచుండును. చేతికుట్టువారు అడుగడుగున బట్టను సవరింతురు; యంత్రము నిలువదు. పైగా పళ్ళు లాగునది అడుగుపొరను మాత్రమే. మూడు పొరల దళసరి బొంతలో పై చెప్పిన మూడవ కారణము ప్రబలమగుటకు ఇంతకంటె అనుకూలమైన స్థితి ఉండదు.

వీనికి తోడు బట్టయు మారెను. మిల్లు బట్ట చవుకయై, కొత్త ముక్కలను కొని బొంత కుట్టుట వాడుకయైనది. ఒక్కొక్క రంగు ఒక్కొక్క మిల్లుది. ఒక్కొక్కదాని కుదింపు ఒక్కొక్క విధము. పాతబట్టలో అప్రయత్నముగా లభించిన సమానత్వము కొత్తబట్టలో లేకపోయెను. యంత్రమునకు ఓర్పు లేదు, కొత్తబట్టకు అనుభవము లేదు. ఈ రెండును కలసినచోట ముడుత తప్పలేదు. యంత్రముతో కుట్టిన బొంతను చిరకాలము తక్కువగా చూచుటకు గల కారణములలో ఇది యొకటి.

బట్టను ముందే కుదించుట

ఇంటియందు బట్టను తడిపి ఆరవేయుట పూర్వమునుండియు కలదు. మిల్లులోనే ఆ పని చేయవచ్చునను తలంపు 1930లో ఫలించినది. న్యూయార్కు రాష్ట్రమున ట్రాయ్ పట్టణపు చొక్కాల సంస్థకు చెందిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనునతడు తడిపిన బట్టను దళసరి దుప్పటివంటి పట్టీపై నడపి, ఆ పట్టీ వంపు తిరిగి కుఱచయగునపుడు దానితోపాటు బట్టయు పొడవున దగ్గఱపడునట్లు చేసెను. అతని పేరిటనే ఈ పద్ధతికి శాన్‌ఫొరైజింగ్ అను నామము వచ్చినది. ఇట్లు చేసిన బట్ట ఉతికిన పిదప నూటికి 1 పాలునకు మించి కుదించుకొనరాదని నియమము. చొక్కా మెడపట్టీ బిగిసిపోవుచున్నదను కొనుగోలుదారుల మొఱ ఈ శోధనకు మూలము. నీరు చేయు పనిని నీటికంటె ముందే చేసివేయుట ఇందలి కీలకము.

పిమ్మట ముడుతను కొలుచుటకు గూడ పద్ధతి ఏర్పడినది. 1921లో స్థాపితమైన అమెరికా వస్త్రరసాయనజ్ఞుల సంఘము ఉతికిన పిదప కుట్టు నునుపును ప్రామాణిక ఛాయాచిత్రములతో పోల్చి 5 మొదలు 1 వఱకు అంకె వేయు పరీక్షను నిర్ణయించినది. 5 అనగా ముడుత లేనిది, 1 అనగా మిక్కిలి ముడుతలు గలది. కంటికి కనబడు దోషము ఈ విధముగా అంకెకు లొంగినది.

సిద్ధపఱచు క్రమము

అనుభవము వలనను, శాస్త్రము వలనను స్థిరపడిన క్రమము నేడు ఇట్లున్నది.

మొదట తడుపుట. పైపొర ముక్కలు, అస్తరు అన్నియు ఒకే తీరున తడిపి ఆరవేయవలెను. కొన్ని తడిపి కొన్ని తడపకుండుట అన్నిటికంటె చెడ్డది. ఏదియు తడపకుండుట అంతకంటె మేలు. ఏలయన అన్నియు కొత్తవియే యైనచో కనీసము ఒకే దిక్కున మారును. నడిమి దూదిపొరకును కుదింపు కలదు గనుక దానినిగూడ గమనింపవలెను.

రెండవది పోగు సరిచేయుట. మిల్లులో చుట్టునపుడు బట్ట వంకరపోవును. పేకపోగు నొకదానిని లాగి, ఆ గీతవెంట కత్తిరించి, పడుగును పేకను ఒకదానికొకటి నిలువుగా నిలుచునట్లు సర్దవలెను. అంచును కత్తిరించి తీసివేయవలెను. అంచు నేత బిగువుగా నుండుటచే మిగిలిన బట్టతో కలసి నడువదు.

మూడవది ఇస్త్రీ. కొంచెము తడి ఉండగనే ఇస్త్రీపెట్టెను ఎత్తి ఎత్తి అదుమవలెను. ప్రక్కలకు తోసినచో బట్ట ఐమూలగా సాగి, తీర్చిన పోగు మరల చెడును.

నాల్గవది గంజి. తడిపిన బట్ట మెత్తబడి సూదిక్రింద సులభముగా నలుగును. గంజి దానికి వెన్నెముక నిచ్చును. బిఱుసుగా నున్న బట్ట త్వరగా మడతపడదు, ఐమూలగా సాగదు, పళ్ళక్రింద సమముగా నడచును. గంజిని పురుగు ఆశ్రయించును గనుక పని ముగిసిన పిదప కడిగివేయవలెను. గంజిపెట్టు విద్యయందు తెలుగు ఇల్లాండ్రకు వేఱొకరు పాఠము చెప్పనక్కఱలేదు.

ఐదవది పఱచి కట్టుట. అస్తరును నేలపైనో బల్లపైనో పఱచి, ముడుత లేకుండ సర్ది, అంచులను అంటింపవలెను. బిగలాగరాదు. లాగి కట్టిన అస్తరు విడిచినంతనే వెనుకకు వచ్చి, అంతవఱకు లేని ముడుతను తానే పుట్టించును. అస్తరు అన్నివైపుల పైపొరకంటె మూడునాలుగు అంగుళములు అధికముగా నుండవలెను. దానిపై దూదిపొరను, పైపొరను నడిమినుండి అంచులకు చేతితో సవరించి, బెత్తెడు ఎడముగా పిన్నులు గుచ్చుటయో, కచ్చాకుట్టు వేయుటయో చేయవలెను.

కడపటిది కుట్టు. నడుమనుండి అంచులకు సాగవలెను. మొదట నిలువున అడ్డమున కొన్ని ఆధారపు వరుసలు వేసి బొంతను గడులుగా బంధించి, పిదప ఒక్కొక్క గడిని నింపవలెను. పైపొరకు గూడ పళ్ళు గలిగి, క్రింది పళ్ళతో సమముగా నడచు పాదము నేడు లభించుచున్నది. దానిని వాకింగ్ ఫుట్ అందురు. యంత్రపు లోపమును యంత్రమే దిద్దుకొనిన తీరిది. ఐనను సరిగా సిద్ధపఱచని బట్టకు ఏ పాదమును చాలదు.

ఈ క్రమమును సాంతముగా చూచినచో ఒక సంగతి స్ఫురింపక మానదు. తడుపుట, ఆర్చుట, గంజి పెట్టుట, ఇస్త్రీ చేయుట, కొలతకు తెచ్చుట: ఇవి యన్నియు కొత్తబట్టను కొన్ని దినములలో పాతబట్టగా మార్చు ప్రయత్నములే. పది సంవత్సరముల వాడుక చీరకు చేసిన దానిని ఒక వారములో చేయగోరుటయే సిద్ధపఱచుట. మన ఇండ్లలో చీరకు ఫాల్ కుట్టుటకు ముందు దానిని నీట నానబెట్టి ఆరవేయుట ఎఱుగనివారు లేరు. రవికె లైనింగు బట్టకును అట్లే చేయుదురు. మఱచినచో మొదటి ఉతుకునకే చీర అంచు మూతి ముడుచుకొనును. కొత్త వస్తువును పాత వస్తువుతో చేర్చునపుడు కొత్తదానికే ముందుగా శిక్షణ కావలెనని మన స్త్రీలకు తెలియును.

రెండు విధముల ముడుత

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. పాత బొంతలలో అంతటను సన్నని ముడుతలు కనబడును గదా. అమెరికాలో కొందఱు ఆ పాతదనపు సొగసును కోరి, బట్టను తడపకుండనే కుట్టి, ముగిసిన పిదప ఉతికి, కావలెనని ముడుతలను పుట్టించుచున్నారు గదా. అట్లైనచో ముడుత దోషమెట్లగును?

దీనికి సమాధానము ముడుతలను రెండుగా విభజించుటలో నున్నది. ఉతికిన పిదప అన్ని దిక్కుల సమముగా వచ్చు నలుగుడు ఒకటి. కుట్టునపుడే సూదిక్రింద నలిగి, దారముతో బిగిసిపోయిన మడత మఱియొకటి. మొదటిది బొంత అంతయు ఏకముగా కుదించుకొనుట వలన వచ్చినది. అందు పక్షపాతము లేదు. రెండవది ఒక పొర ముందునకును ఒక పొర వెనుకకును పోవుట వలన వచ్చినది. అది ఎన్ని ఉతుకులకును పోదు. కాంథాలోని అల మొదటి జాతిది. మనము నివారింప దలచినది రెండవ జాతిని. కావున ముడుత ఉండుట కాదు, ముడుత అసమముగా నుండుట దోషమని తేలుచున్నది.

యంత్రపు కుట్టుతోనే దోషరహితమైన బొంత సాధ్యమని పండితలోకము ఒప్పుకొనుటకు చాలకాలము పట్టెను. 1971లో విట్నీ ప్రదర్శనశాల అమెరికా బొంతలను కళాఖండములుగా ప్రదర్శించినది. అమెరికా బొంతకారుల సంఘము కెంటకీ రాష్ట్రమున పడూకా పట్టణములో ఏటేట జరుపు పోటీలో 1989లో కేరిల్ బ్రయర్ ఫాలర్టు కుట్టిన సూర్యగ్రహణపు బొంతకు అగ్రబహుమానము లభించినది. యంత్రముపై కుట్టిన బొంతకు ఆ సభలో ఆ గౌరవము దక్కుట అదియే మొదటిసారి. హోవ్ హక్కుపత్రము పొందిన 143 సంవత్సరములకు గాని యంత్రపు బొంతకు చేతిబొంతతో సమానపీఠము రాలేదు. యంత్రమును వాడువారు బట్టను, దారమును, నడకను ఓర్పుతో అర్థము చేసికొనుటకు అంతకాలము పట్టినదని దీనిని మనము గ్రహింపవచ్చును.

ఉపసంహారము

వంగభాషలో జసీముద్దీను కవి 1929లో తన కావ్యమునకు కాంథాపేరు పెట్టి దానికి సాహిత్యమున శాశ్వతస్థానము కల్పించెను. మన భాషలో బొంత నిందకే పరిమితమైనది. కుట్టినవారు తమ పేరు వ్రాసికొనలేదు. కప్పుకొనినవారు కుట్టు లెక్కింపలేదు. చినిగినపుడు మఱియొక బొంతలో అది ఒక పొరయైనది. బొంత తన ఆధారములను తానే మ్రింగివేయును గనుక దాని చరిత్ర వ్రాయువారికి వస్తువులకంటె పద్ధతులే ప్రమాణములు. ఆ పద్ధతులు పై రీతిగా సాక్ష్యమిచ్చుచున్నవి.

ఆ సాక్ష్యమును బట్టి చూడగా 'అతుకుల బొంత' అనునది తప్పు ఉపమానము. అతుకులు బొంతకు దోషము కావు. పలు ఇండ్ల బట్టలు, పలు వయస్సుల బట్టలు ఒకే స్థితికి వచ్చి కలసియుండుట దాని గుణము. పొందికలేని గ్రంథమును, నిలకడలేని కూటమిని నిందింపవలసి వచ్చినపుడు ఆ లోకజ్ఞానము ననుసరించి 'తడపని కొత్తబట్టల కూర్పు' అనుట న్యాయము. కుట్టునాడు అది నున్నగానే యుండును. మొదటి ఉతుకు దాని గుట్టు బయటపెట్టును.